భయమేసిన చోట జెండా

మా పెళ్లయిన వేసవి అంతా నేను భయపడటమే ఉద్యోగంగా చేశాను. పొద్దున్నే లేచి, టీ తాగి, జడ బిగించి, కొండెక్కి, తనివితీరా భయపడి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేదాన్ని. అంత హాయైన ఉద్యోగం నాకు మళ్లీ దొరకలేదు.

నవ్వకండి, చెబుతాను.

మా ఆయన పని కొండ మీద దారులు చేయడం. నడిచే దారులు కావు, సైకిలు మీద కిందికి దిగే దారులు. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు ఉన్న సైకిళ్లను కుర్చీల లిఫ్టుకి తగిలించి పైకి పంపుతారు. మనుషులు ముఖం మొత్తం మూసే హెల్మెట్లు తొడుక్కుని, పై నుంచి గాలికి పుట్టినట్టు దిగుతారు. వాళ్లు దిగే దారి దానంతటది పుట్టదు. మట్టిని తడపాలి, తొక్కాలి, పార వెనకతో చరచాలి, మలుపు బయటివైపు ఏటవాలుగా గట్టు కట్టాలి. సాయంత్రానికి మా ఆయన చెవుల్లో కూడా మట్టే. కొండలో సగం ఇంటికి తెచ్చేవాడు.

ఆ ఏడు కొండ యజమానురాలికి ఒక ఆలోచన వచ్చింది. అందరూ ఆవిడను మేడమ్ అనేవారు. జన్మలో కొండ దిగని వాళ్లు కూడా దిగేలా ఒక తేలిక దారి ఉండాలట. వానలు పడేలోగా అది సిద్ధమైతే సరే. లేకపోతే ఇక్కడ పని ఆపేసి, దారులు చేసే వాళ్లందర్నీ తన రెండో కొండకి పంపేస్తానంది. రెండో కొండంటే రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ. వెళ్లినవాడు ఎప్పుడొస్తాడో సెలవు ఇచ్చినవాళ్లకే తెలియాలి. మా పెళ్లి ఫోటోలు ఇంకా స్టూడియో నుంచి రానే లేదు, అప్పుడే మొగుణ్ణి రైలెక్కించడమా!

నిజానికి మా ఆయన ఆ దారి చేసేశాడు కూడా. "నిద్రపోతూ దిగొచ్చు" అన్నాడు. తీరా మేడమ్ కొత్తవాళ్లను కొందర్ని పంపితే, మొదటి మలుపు దగ్గరే సైకిళ్లు దిగి, వాటిని దూడల్లా పట్టుకుని నడిపించుకుంటూ వచ్చారు. కింద నిలబడి చూసిన మేడమ్ ఒక్క మాటే అంది.

"నడిచి దిగడానికైతే మెట్లు కట్టించేదాన్నిగా, లిఫ్టెందుకు?"

మా ఆయనకు అర్థమే కాలేదు. ఆయన సైకిలు మీదే పెరిగిన మనిషి. ఈత రానివాడికి నీళ్లంటే ఎందుకు భయమో చేపనడిగితే ఏం చెబుతుంది? ఆ సాయంత్రం ఇంటి బయటి మెట్ల మీద బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నేను టీ ఇస్తుంటే ఉన్నట్టుండి తలెత్తాడు.

"నువ్వెప్పుడైనా కొండ దిగావా?"

"దిగడమా, ఎక్కనే లేదు."

"సైకిలొచ్చా?"

"కాలేజీకి దాని మీదేగా వెళ్లింది. చదునైన రోడ్డు మీద."

"పల్లం వస్తే?"

"దిగి నడిచేదాన్ని."

పెళ్లినాడు కూడా నన్ను అంత మురిపెంగా చూడలేదు ఆయన. "నాక్కావలసింది నువ్వే" అన్నాడు.

నేను చదివింది ఫిజిక్సు. వాలు బల్ల మీద బంతులు దొర్లించిన లెక్కలు ఎన్ని చేశానో. తీరా కొండ మీద నిలబడి కిందికి చూస్తే తెలిసింది, ఆ లెక్కలన్నిటిలో ఒకటే లోపం: ఆ బంతికి భయం ఉండదు.

"సీటు మీద కూర్చోకు. నిలబడు. పెడళ్లు రెండూ సమానంగా పెట్టు. మోకాళ్లూ మోచేతులూ వదులుగా. బ్రేకు మీద ఒక్క వేలు చాలు, పిడికిలంతా వద్దు. చూపు చక్రం మీద కాదు, దారి చివర. చూపు ఎటు పోతే బండి అటు పోతుంది."

"నేను నిన్నే చూస్తుంటే?"

"నా మీదకొస్తావు."

"అయితే చూపు బాగానే ఉంది."

అత్తయ్య ముందు ఆయన్ని 'మీరు' అనేదాన్ని, కొండ మీద 'నువ్వు'. లిఫ్టు దాటగానే మీరు కాస్తా నువ్వయిపోయేది. ఆ ఒక్క మాట కోసమైనా రోజూ కొండెక్కొచ్చనిపించేది అప్పట్లో.

బయల్దేరాను. దారి పక్కన ఒక రాయి ఉంది. దాన్ని చూడకూడదు అనుకున్నాను. అనుకోగానే చూశాను. చూడగానే గుద్దాను. లేచి చూసేసరికి సైకిలు ఒకచోట, నేను ఒకచోట, హెల్మెట్ నిండా గడ్డి. కింద నుంచి లిఫ్టు నడిపే బాబాయ్ కేక వినిపించింది.

"కొత్త కోడలా! కొండకేమైనా దెబ్బ తగిలిందా?"

మా ఆయన పరుగున వచ్చి, నా చేతులూ కాళ్లూ లెక్క సరిపోయాయో లేదో చూసుకుని, వెంటనే అడిగిన ప్రశ్న ఇది: "ఎక్కడ భయమేసింది?"

"అంతటా."

"అంతటా అంటే కుదరదు. బ్రేకు మీద చెయ్యి దానంతటది బిగుసుకుంటుంది చూడు, ఆ చోటు చెప్పు. అక్కడ జెండా పాతు."

అలా మొదలైంది నా ఉద్యోగం. పుల్లలకు ఎర్రగుడ్డ పీలికలు కట్టి సంచిలో వేసుకునేదాన్ని. దిగుతూ ఎక్కడ గుండె జారితే అక్కడ ఆగి ఒకటి గుచ్చేదాన్ని. మొదటిరోజు సాయంత్రం కింద నుంచి చూస్తే, దారి పొడుగునా ఏదో పార్టీ ఊరేగింపు వెళ్తున్నట్టుంది. మా ఆయన చిన్నబుచ్చుకోలేదు. ఒక్కో జెండా పక్కన గొంతుక్కూర్చుని, నాడి పట్టుకున్న డాక్టరులా అడిగేవాడు.

"ఇక్కడేం కనిపించింది?"

"ఆ వేరు. పాములా ఉంది."

వేరు మీద మట్టి కప్పేవాడు.

"ఇక్కడ?"

"ఇక్కడ ఏమీ లేదు. పైన భయం కొంచెం మిగిలిపోతే ఇక్కడ ఖర్చుపెట్టాను."

నేను సరదాకే అన్నాను. ఆయన మాత్రం పార కిందపెట్టి కాసేపు ఆలోచించాడు. మర్నాటికల్లా ప్రతి మలుపు తర్వాతా ఒక చదును ముక్క చేశాడు, మిగిలిన భయాన్ని అక్కడ దింపుకోవడానికి. నా మాటను అంత శ్రద్ధగా విన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. పరీక్షల్లో ఫస్టొచ్చినప్పుడు కూడా మా ఇంట్లో "సరే, చెప్పులు లోపల పెట్టు" అన్నారు.

ఇంతకీ మా అత్తయ్య సంగతి చెప్పలేదు.

ఆవిడ దర్జీ. ముందుగది అంతా ఆవిడ మిషను, ఇస్త్రీ బల్ల, కుట్టడానికి ఇచ్చిన బట్టల దొంతరలు. జిప్పులు మార్చడం దగ్గర్నుంచి బ్యాండు వాళ్ల కోట్ల దాకా అన్నీ చేసేది. కుట్టినవి పాత సైకిలు వెనక కట్టుకుని తనే ఇళ్లకిచ్చి వచ్చేది. మాట తక్కువ, మిషను చప్పుడు ఎక్కువ. ఆ ఇంట్లో ఆవిడ పెట్టిన నియమం ఒకటే ఒకటి: కొండ మాటలు గడప ఇవతలికి రాకూడదు. కొడుకు ఒకసారి చేతికి కట్టుతో వచ్చాడట. ఆ రోజు నుంచి అంతే.

అందుకని మేం కొండ గురించి మాట్లాడుకోవాలంటే బయటి మెట్ల మీదే. భోజనం మధ్యలో ఏదైనా గుర్తొస్తే మా ఆయన కనుబొమ్మలెగరేసేవాడు. ఇద్దరం చేతులు కడుక్కుని బయటికి పరిగెత్తి, రెండు మాటలు చెప్పుకుని, మళ్లీ వచ్చి బుద్ధిగా కూర్చునేవాళ్లం. అత్తయ్య కంచంలోంచి తలెత్తేది కాదు.

"ఏమైంది?"

"ఏం లేదత్తయ్యా, గాలికి."

"ఫ్యాను ఇక్కడుంది."

కానీ ఆవిడ బట్టలు చదివేది. నా ప్యాంటు ఉతికి ఆరేస్తూ వెలుతురుకెదురుగా పట్టుకుని చూసింది ఒకరోజు. మోకాలి దగ్గర చిరుగు, మోచేతి దగ్గర పచ్చిక మరక.

"అన్నీ ఎడమవైపే" అంది తనలో తాను అనుకున్నట్టు.

మర్నాడు పొద్దున ఆ ప్యాంటు మడతపెట్టి నా మంచం మీదుంది. ఎడమ మోకాలికి రెండు పొరల మందపు గుడ్డ, కనబడనంత సన్నగా కుట్టు. కొండ మాట ఎత్తనే లేదు కాబట్టి నియమమూ తప్పలేదు. నేను కొండ మీద ఆ సంగతి చెబితే మా ఆయన నా ఎడమ మలుపులన్నీ మళ్లీ చూసి, "నిజమే, ఎడమకి తిరిగేటప్పుడే నువ్వు లోపలికి ఒరిగిపోతున్నావు" అన్నాడు. మూడు రోజుల్లో ఆ పడటం ఆగిపోయింది. వెళ్లి అత్తయ్యకు చెప్పుకోవాలని ఎంత ఉబలాటమో! చెప్పకూడదు. ఆ ప్యాంటునే తీసుకెళ్లి చూపించాను. కొత్త మరకలు లేవు. ఆవిడ చూసి, "ఊఁ" అంది. ఆ ఊఁ నాకు బంగారు పతకం.

ఒక సాయంత్రం మాత్రం మిషను ఆపి అడిగింది. "అమ్మాయ్, బ్యాండు కోట్లకి తెచ్చిన ఎర్రగుడ్డ ముక్కలు మూటకట్టి ఉంచాను. ఎలక పట్టుకెళ్లిందా?"

నేను నిలువునా నీరుగారిపోయాను. చెబితే నియమం తప్పినట్టు, చెప్పకపోతే అబద్ధమాడినట్టు. "ఎలకే అత్తయ్యా. పెద్దది" అన్నాను.

"మంచిదే. ఆ ఎలకకి చెప్పు, బల్ల కింద ఇంకో మూటుంది."

నా భయం కరగడం ఎలా మొదలైందో నాకే తెలియలేదు. మొదట మోకాళ్లలోంచి పోయింది. తర్వాత భుజాల్లోంచి. ఒకరోజు పొద్దున ఎండ ఇంకా పల్చగా ఉండగా, పై నుంచి కిందికి ఎక్కడా ఆగకుండా దిగాను. మట్టి అలల మీద సైకిలు పైకి లేచి దిగుతుంటే పొట్టలో చక్కిలిగింత. గట్టు కట్టిన మలుపులో ఒరిగితే నేలే నన్ను పట్టుకుని అవతలికి తోసినట్టుంది. నోరు తెరుచుకుని నవ్వుతున్నానని ఒక పురుగు గొంతులోకి పోయాకే తెలిసింది. కింద సైకిలు దిగి, దగ్గుతూ, నవ్వుతూ, పచ్చిక మీద పడుకున్నాను. ఆకాశం కూడా నాతో పాటు ఇంకా దిగుతూనే ఉంది. ఎంత చిన్న సంతోషానికి ఎంత పెద్ద కొండ కావలసి వచ్చిందో!

ఆ రోజు ఒక్క జెండా కూడా పాతలేదు. మా ఆయన నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. లిఫ్టు బాబాయ్ మర్యాదగా అటు తిరిగాడు. తిరిగి, లిఫ్టు అద్దంలో చూశాడు.

చిక్కు అక్కడే వచ్చింది.

దారి సిద్ధమైందని మా ఆయన ఇద్దరు నర్సులను పిలిచాడు. సెలవు రోజు సరదాగా వచ్చారు పాపం, ఇద్దరికీ కొండ కొత్త. కిలకిలలాడుతూ మొదటి మలుపు దాటారు, రెండో మలుపు దాటారు. మూడోదాని దగ్గర ఇద్దరూ ఆగి కాళ్లు నేలకానించారు. మేం దాన్ని రాతిమలుపు అనేవాళ్లం. అక్కడ ఏనుగంత బండరాయి ఉంది, దాని చుట్టూ గుబురుగా పొదలు. దారి ఆ రాతిని చుట్టుకుని తిరుగుతుంది.

"ఎందుకు దిగారు?" అన్నాడు మా ఆయన.

"ఏమో, దిగాలనిపించింది."

వాలు ఎక్కువైందేమోనని తగ్గించాడు. తర్వాత మంగలి, ఆయన బావమరిది వచ్చారు. వాళ్లూ అక్కడే దిగారు. ఇంకా తగ్గించాడు. గోళీ పెట్టినా దొర్లనంత చదును చేశాడు. బడి టీచరు ఒకావిడ వచ్చి, అంత చదును మీద కూడా దిగి, చెప్పుల్లో రాయి పడినట్టు మొహం పెట్టి నడిచి వెళ్లింది. నేను మాత్రం ఆ మలుపు ఎన్నిసార్లు తిరిగినా నాకేమీ అనిపించదు. నీళ్లలో ఉన్న ఒక్క చేపకి తోడు నన్నూ చేపను చేశాడు మా ఆయన, ఇంకేముంది!

దక్షిణం వైపు మబ్బులు పట్టడం మొదలైంది. మేడమ్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆఖరిసారి ఆదివారం తన ఆఫీసు వాళ్లను తీసుకొస్తుందట. వాళ్లూ నడిచే వస్తే సోమవారం రైలుకి టికెట్లు.

ఆ సాయంత్రం మెట్ల మీద మా మొదటి పోట్లాట జరిగింది.

"గుర్తు తెచ్చుకో. మొదట్లో నువ్వు కూడా అక్కడ జెండా పాతావు. ఎందుకు పాతావు?"

"గుర్తులేదు. అన్నిచోట్లా పాతాను, అక్కడా పాతాను."

"ఏదో ఒకటి ఉండే ఉంటుందిగా!"

"భయం పోయాక దాని మొహం గుర్తుంటుందా?"

"ఇంకొంచెం నెమ్మదిగా నేర్చుకోవాల్సింది నువ్వు."

"ఓహో! నేర్చుకోవడం నా తప్పయిందా? మరి మీరెందుకు అంత బాగా నేర్పారు?"

కోపమొస్తే నేను 'మీరు' అంటానని ఆ రోజే ఇద్దరికీ తెలిసింది. నవ్వు రావాల్సిన మాటే. రాలేదు. "టికెట్లు పనివాళ్లకే తీస్తారట, భార్యలకు కాదట" అన్నాడు నేల చూస్తూ. నేను ఆయన చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతూ కూర్చున్నాను. సోమవారం ఆ గుండీ ఎక్కడుంటుందో అనిపించింది.

లోపల మిషను చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది.

"లోపలికొచ్చి పోట్లాడుకోండి. బయట దోమలు" అంది అత్తయ్య.

మా ఆయన లేవలేదు. "కొండ మాటలమ్మా. లోపలికి రాకూడదుగా."

"కొండ మాటలు రాకూడదన్నాను. రైలు మాటలు గోడ అవతల చెప్పుకోమన్నానా?"

ఇద్దరం లోపలికి వెళ్లి, తప్పు చేసిన పిల్లల్లా ఇస్త్రీ బల్ల పక్కన నిలబడ్డాం. ఆవిడ కత్తెర, దారపుండ పక్కకు జరిపింది.

"ఇప్పుడు చెప్పు. ఏం కావాలి నీకు?"

"భయపడే మనిషి కావాలి. సైకిలొచ్చి, కొండ రాని మనిషి. ఈవిడకేమో భయం పోయింది. తెలిసినవాళ్లంతా ఒకసారి వచ్చేశారు, ఎందుకు దిగారో ఎవరూ చెప్పలేకపోతున్నారు."

"ఊళ్లో వెతికావు, బాగానే ఉంది. ఇంట్లో వెతికావా?"

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఆ కొండంటే నాకున్నంత భయం ఈ ఊళ్లో ఎవరికుందిరా?" అంది అత్తయ్య.

మర్నాడు పొద్దున ఆవిడ తనే కుట్టుకున్న ప్యాంటు వేసుకొచ్చింది. మోకాళ్లకు రెండు పొరలు, వెనకవైపు మూడు. లిఫ్టు బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఆయన కోటు జిప్పు ఎప్పుడూ ఆవిడే బాగుచేసేది.

"అక్కా, నువ్వా! కుర్చీ తుడవమంటావా?"

"ముందు నీ జిప్పు పెట్టుకో."

హెల్మెట్ పట్టీ మా ఆయన బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. నాకు చెప్పినవన్నీ ఆవిడకూ చెప్పాడు. నిలబడాలి, పెడళ్లు సమానం, ఒక్క వేలు, చూపు చివర.

"అమ్మా, వద్దనిపిస్తే ఆపేద్దాం."

"వద్దనే అనిపిస్తోంది. అందుకేగా తెచ్చావు, పద."

ఆవిడ దిగింది. బ్రేకులు కీచుమని ఏడుస్తుంటే, నడిచేవాడికంటే కొంచెం నెమ్మదిగా దిగింది. పక్కన మా ఆయన నడుస్తూ, వెనక నేను సైకిలు పట్టుకుని. మొదటి మలుపు గట్టు మీద ఒరగమంటే, "ఒరగనురా, నిటారుగానే వస్తాను" అని నిటారుగానే వచ్చింది. రెండోదాని దగ్గర కాస్త ఒరిగింది. చదును ముక్క రాగానే "హమ్మయ్య, ఇది బాగుంది. ఇదెవరు పెట్టారు?" అంది. మా ఆయన నా వైపు చూశాడు.

రాతిమలుపు ముందు కీచుమని ఆగిపోయింది. కాలు కింద పెట్టింది.

"ఏమైందమ్మా? వాలు ఎక్కువుందా?"

"వాలెక్కడుంది, నట్టింట్లో ఉన్నట్టుంది."

"మట్టి జారుతోందా?"

"లేదు."

"మరి?"

"దీని తర్వాత ఏముంది?"

"ఏమీ లేదు. మెత్తటి దారి. మలుపు తిరగ్గానే పచ్చిక. అక్కణ్ణుంచి మన పెరట్లో దండెం కూడా కనబడుతుంది."

"నీకు తెలుసు. నాకు తెలియదుగా" అంది అత్తయ్య. "చివర చూడమన్నావు. చూస్తే పొద కనబడుతోంది. అవతల ఏముందో తెలియకుండా బ్రేకు ఎవరు వదుల్తారురా?"

మా ఆయన పొద వైపు చూశాడు. కొండ పుట్టినప్పటి నుంచీ ఆ పొద అక్కడే ఉంది. ఆయన దాన్ని చూడటం బహుశా అదే మొదలు. నాకూ అప్పుడు గుర్తొచ్చింది మొదటిరోజు భయం మొహం: ఆకులూ, ఆకుల వెనక చీకటి.

అత్తయ్య చేతితొడుగు విప్పి, బిగుసుకున్న వేళ్లు ఒక్కొక్కటే చాపుకుంది.

"నువ్వు పొద్దున బయల్దేరతావు. కిటికీలోంచి మన వీధి మలుపు దాకా కనబడతావు. ఆ తర్వాత సాయంత్రం దాకా నేనిట్లాగే పట్టుకుని ఉంటాను." గుండీ ఒకటి ఊడిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "వేళ్లు నొప్పెడతాయి."

మా ఆయన ముక్కు ఎగబీల్చి, మోచేత్తో తుడుచుకున్నాడు. ముఖాన మట్టి గీత పడింది.

"పొద తీసేస్తానమ్మా."

"తీసెయ్" అంది ఆవిడ, తొడుగు మళ్లీ వేసుకుంటూ.

పొద తీస్తే సరిపోలేదు, రాయి అడ్డం. రాయిని కదిలించడం ఎవరి తరమూ కాదు. అందుకని దారినే బయటికి జరిపాం. రాతికి దూరంగా, వెడల్పాటి మలుపుగా, దూరం నుంచే అవతలి పచ్చిక కనబడేలా. చేసింది మా ఆయన, ఆయనతో పనిచేసే వాళ్లూ. అత్తయ్య ఇవతల నిలబడి, "కనబడట్లేదు... కనబడట్లేదు... ఆఁ, కనబడింది" అనేది, అక్కడ గునపం దించేవారు. నేను నీళ్లు మోశాను. ఫిజిక్సు కూడా కాస్త పనికొచ్చింది. చూపు గీత ఎక్కడ తెగుతుందో దారం కట్టి లాగి చూశాం. దారం అత్తయ్యదే.

ఆదివారం నాడు మబ్బు కిందికి దిగి కొండ నెత్తిన కూర్చుంది. మేడమ్ వ్యానులో ఆఫీసు వాళ్లను తీసుకొచ్చింది. లావుపాటి గుమాస్తా, టైపు చేసే అమ్మాయి, క్యాంటీను వంటాయన, ఇంకా ఇద్దరు. మేడమ్ నేరుగా రాతిమలుపు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది. అక్కడే అందరూ సైకిలు దిగిపోతున్నారని ఆవిడకు తెలుసు. మా ఆయన పైన వాళ్లకు నేర్పుతున్నాడు. నేనూ అత్తయ్యా మలుపు అవతల పచ్చికలో నిలబడ్డాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. సూది పట్టే వేళ్లు కదా, ఎముకల దాకా తెలిసింది.

మొదట గుమాస్తా వచ్చాడు. మలుపు ముందు ఆయన భుజాలు బిగుసుకున్నాయి. తలెత్తాడు. పచ్చిక కనబడింది, పచ్చికలో మేం కనబడ్డాం. భుజాలు దిగాయి. బండి సాఫీగా తిరిగి వచ్చేసింది. ఆయన ఆశ్చర్యంగా తన కాళ్ల వైపు చూసుకున్నాడు, అవింకా పెడళ్ల మీదే ఉన్నాయా అన్నట్టు. తర్వాత టైపు అమ్మాయి, కెవ్వుమంటూ. వంటాయన మలుపు చక్కగా తిరిగి, తీరా పచ్చికలోకి వచ్చాక సంతోషం పట్టలేక రెండు చేతులూ వదిలేసి పడ్డాడు. పడి, అక్కడే పడుకుని నవ్వాడు. ఒక్కరూ దిగి నడవలేదు.

మేడమ్ కట్టుకున్న చేతులు విప్పింది. వంటాయన దగ్గరికి వెళ్లి, "ఆ హెల్మెట్ ఇలా ఇవ్వండి" అంది. కొండ ఆవిడదే గానీ ఆవిడ ఎప్పుడూ సైకిలు మీద దిగలేదట. లిఫ్టెక్కి పైకెళ్లింది. దిగుతూ వచ్చింది, మలుపు తిరిగింది, మమ్మల్ని దాటేటప్పుడు తల తిప్పకుండానే అరిచింది.

"సోమవారం టికెట్లు క్యాన్సిల్ చేసుకోమనండి! వచ్చే వేసవికి ఇంకోటి కావాలి నాకు!"

నేను అత్తయ్యను వాటేసుకున్నాను. అదే మొదటిసారి. ఆవిడ ఇబ్బందిపడి, నా వీపు మీద చొక్కా కుట్టు సరిచూసింది.

ఆ వేసవికి ఎవరెవరికి రుణపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నర్సులకు, మంగలికి, చెప్పుల్లో రాయి పడ్డ టీచరుకు, గొంతులో పడ్డ పురుగుకు కూడా. నేను అడుగుపెట్టిన ఇంట్లో ముగ్గురం మూడు చోట్ల ఉండేవాళ్లం: కిటికీ దగ్గర ఒకరు, కొండ మీద ఒకరు, మెట్ల మీద నేను. భయపడటం తప్ప నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. దానికి నాకు దక్కింది మాత్రం చాలా పెద్దది.

వ్యాను వెళ్లిపోయాక చినుకు మొదలైంది. లిఫ్టు ఆపబోతున్న బాబాయ్‌ని అత్తయ్య చెయ్యెత్తి ఆపింది.

"ఇంకొక్కసారి. ముగ్గురం."

"అక్కా, వానొస్తోంది."

"వస్తే రానీ. నానితే ఉతుక్కునేది నేనే."

పైనుంచి అత్తయ్య ముందు, ఆవిడ వెనక మా ఆయన, ఆఖర్న నేను. కొండ మీద ఆయన్ని మించి దిగేవాడు లేడని అందరూ అంటారు. ఆ మనిషి అమ్మ వెనక రెండు బ్రేకులూ పట్టుకుని, ఆవిడ చక్రం నుంచి గజం దూరం తగ్గకుండా, చీమల బారులో చీమలా దిగుతున్నాడు. ముందు ఆవిడ బ్రేకుల కీచు. మొదటి మలుపు. రెండో మలుపు. చదును ముక్క.

రాతిమలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ కీచు ఆగిపోయింది.

అత్తయ్య తలెత్తింది, ఒరిగింది, జారిపోయింది. మా ఆయన ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. తేరుకుని, సీటు మీంచి లేచి, జన్మలో ఆ దారిలో తొక్కనివాడు పెడళ్లు తొక్కడం మొదలుపెట్టాడు.

"అమ్మా! మెల్లగా! ఆగమ్మా!"

కింద పచ్చికలోంచి, వాన చప్పుడు మీదుగా, ఆవిడ గొంతు వినిపించింది.

"కనబడుతున్నానుగా! రా!"